కుర్చీ మెకానిక్ ఎండాకాలం

తల్లిదండ్రులు ఆయనకు ఏదో ఒక పేరు పెట్టే ఉంటారు గానీ బజారంతా పిలిచేది మాత్రం కుర్చీ మెకానిక్ అనే. కూల్‌డ్రింకుల ఫ్రిజ్ చల్లబడటం లేదన్నా, మాంసం కొట్టులో డీప్ ఫ్రీజర్ మొండికేసిందన్నా, సంచీ భుజాన తగిలించుకొని వచ్చి ముందుగా ఆయన అనేది ఒకే మాట. "ఓ కుర్చీ ఉంటే ఇటు వేయండి." వేశాక కూర్చుంటాడు. అంతే. స్క్రూడ్రైవర్ తీయడు, మూత విప్పడు. పాలు విరిగిపోతాయేమోనని కొట్టువాడి ప్రాణం కొట్టుకుంటూ ఉంటే ఈయన కాలు మీద కాలేసుకుని మోటారు చప్పుడు వింటూ ఉంటాడు. చూసేవాళ్ళకు ఒళ్ళు మండదూ మరి.

ఆయన వినేది మోటారు ఎప్పుడు ఆగుతుందా అని. ఒంట్లో బాగున్న మిషన్ కాసేపు తిరుగుతుంది, కాసేపు ఆగుతుంది. ఎండలు ముదిరితే తిరిగేది ఎక్కువ, ఆగేది తక్కువ. అసలు ఆగనే లేదంటే దానికేదో వచ్చిందన్నమాట. చాలాసార్లు వచ్చేది దుమ్మే. లోపలి వేడిని బయటికి నెట్టే జాలీ నిండా బూజు పట్టి ఉంటుంది. బ్రష్షుతో దులిపి, తలుపు చుట్టూ ఉన్న రబ్బరు బిగువుగా ఉందో లేదో చూసి, "ఫ్రిజ్‌ని గోడకు అతికించకండి, దానికీ ఊపిరాడాలి" అని చెప్పి వెళ్ళిపోతాడు. లోకమంతా ఉస్సూరుమంటూ ఉంటే ఈయనొక్కడే ఈల వేసుకుంటూ తిరిగేవాడు. ఎండాకాలమంటే ఆయనకు అంత ఇష్టం.

ఆ ఏడు ఆయన కూతురు కేకుల కొట్టు పెట్టింది. కొట్టు వెనక చల్లగది, దాని మిషన్ పెరట్లో గోడవారన. తల్లి కౌంటర్ దగ్గర కూర్చుని అట్టపెట్టెలకు రిబ్బన్లు కడుతుంది. "లోపల మాత్రం ఏదీ ముట్టుకోకమ్మా" అని కూతురు ముందే చెప్పేసింది. దగ్గర్లోని స్కూలువాళ్ళు వార్షికోత్సవానికి పిల్లలందరికీ క్రీము కేకులు చెప్పారు. అంత పెద్ద ఆర్డరు రావడం అదే మొదలు. ఉదయం కేకులన్నీ చల్లగదిలోకి చేరాయి. మధ్యాహ్నానికి క్రీము మెత్తబడటం మొదలైంది. ఇవి పాడైతే రేపటినుంచి ఈ కొట్టు గడప ఎవరు తొక్కుతారని ఆ పిల్లకు ఏడుపొక్కటే తక్కువ. తండ్రికి ఫోను చేసింది.

"నాన్నా, ఎక్కడున్నావు? గదిలో చల్లదనం తగ్గిపోతోంది. చల్లదనం పెంచే మీట చివరిదాకా తిప్పేశాను, అయినా లాభం లేదు."

"తిప్పింది వెనక్కి తిప్పు. తరిమితే పరిగెత్తే రకం కాదది. తలుపు తెరవకు. వస్తున్నా."

ఆయన వచ్చేసరికి కూతురు అడక్కుండానే కుర్చీ వేసి ఉంచింది. ఆయన దానివంక చూడనైనా చూడలేదు.

"నువ్వు కూర్చోకపోతే నాకు భయంగా ఉంది నాన్నా."

"సొంత పిల్ల కొట్టులో కూర్చోవాలంటే నాకూ భయంగానే ఉందమ్మా" అంటూ పెరట్లోకి నడిచాడు.

పెరట్లో మిషన్ కనిపించలేదు. గోడవారన పూల దుప్పటి ఒకటి కనిపించింది, ముసుగుతన్ని పడుకున్న మనిషిలా. నాలుగు మూలలూ లాగి బిగించి, ముడి మీద ముడి వేసి ఉన్నాయి. లోపల ఫ్యాను ఆయాసపడుతోంది. ఆ దుప్పటి ఆయనకు బాగా తెలుసు, నిన్నటిదాకా దానిమీదే పడుకున్నాడు. ముడులు విప్పగానే వేడిగాలి భగ్గున మొహాన కొట్టింది.

వెనకనుంచి భార్య గొంతు వినిపించింది. "అదెందుకు విప్పారు? పాపం, ఎండకు మాడిపోతుందని పొద్దున్నే తడిపి కట్టాను."

గుమ్మంలో ఉన్న కూతురు నోరు తెరిచి, తల్లి మొహం చూసి మళ్ళీ మూసుకుంది. ఆవిడకు అప్పుడు అర్థమైంది. "నావల్లేనా?" అంది మెల్లగా.

ఆయన వెళ్ళి నిచ్చెన తెచ్చుకున్నాడు. అదే దుప్పటిని గోడ మేకులకూ రెండు కర్రలకూ కట్టి, మిషన్ పైన మనిషెత్తున పందిరిలా పరిచాడు. "నీడ కావాలనుకోవడం మంచిదే. మీదేసి కప్పకూడదు, అంతే. నాలుగు పక్కలా గాలి ఆడాలి" అన్నాడు. కాసేపటికి మిషన్ గొంతు నెమ్మదించింది. ఇంకాసేపటికి ఆగింది. కూతురు గబగబా వెళ్ళి చూసొచ్చింది. అంచుల్లో కాస్త జారినా క్రీము నిలబడింది. స్కూలు వ్యాన్ వచ్చి పెట్టెలన్నీ ఎత్తుకుపోయాక గానీ ఆ పిల్ల మంచినీళ్ళు తాగలేదు.

సాయంత్రం పెరట్లో ఆలుమగలిద్దరే మిగిలారు.

"దానికి ఎండ పడదని నీకెవరు చెప్పారు?" అన్నాడాయన.

"మీరే. భోజనం దగ్గర అన్నారు కదా, బయట ఎండలో నిలబెట్టిన మిషన్లను చూస్తే జాలేస్తుందని."

ఎన్నేళ్ళ కిందటి మాటో అది. పెళ్ళయినప్పటినుంచీ కంచం ముందు కూర్చుని మోటార్లనీ ఫ్యాన్లనీ ఆయన ఏకరువు పెడుతూనే ఉన్నాడు. ఆవిడ ఊఁ కొడుతూ వడ్డించేది. వింటోందని ఆయన ఏనాడూ అనుకోలేదు, గోడలతో చెప్పుకుంటున్నాననుకునేవాడు. ఇన్నేళ్ళ వాగుడూ ఆవిడ పొల్లుపోకుండా దాచుకుందని ఇప్పుడే తెలిసింది. ఏదో ఒకటి మాట్లాడాలి గనక, జాలీ వేడిని బయటికి ఎలా వదులుతుందో మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.

ఆవిడ అంతా విని, "మరి వానాకాలం వస్తే ఈ పందిరి ఏం చేద్దాం?" అని అడిగింది.