ముక్కు ఉబ్బిన చిలుక

ఆ వయసులో నాతో ఏ పనైనా చేయించడం చాలా తేలిక. వద్దంటే చాలు. సినిమా వాళ్ల జోలికి పోవద్దని అమ్మ అంది, మోతీనగర్ నుంచి రోజూ ఆటో ఎక్కి ఫిల్మ్ నగర్‌కు వెళ్లాను. "పోతే పో గని, ఒంటి మీద బొమ్మలు గీకిచ్చుకుంటే ఇంట్లకు రానియ్య" అంది, జూబ్లీహిల్స్‌లో ఒక టాటూ షాపుకు వెళ్లి కుడి ముంజేతి మీద చిలుకను వేయించుకున్నాను. ఆకుపచ్చ ఒళ్లు, ఎర్ర ముక్కు. (అమ్మ ఇంట్లోకి రానిచ్చింది. మాట్లాడటం మానేసింది, అన్నం మాత్రం పెట్టింది.)

అప్పుడు నేను ఒక పౌరాణిక సీరియల్‌లో మహారాణి వెనక వింజామర వీచే చెలికత్తెను. చిలుక వచ్చిన మర్నాడే డైరెక్టర్ గారు నాకు జీవితంలో మొదటి డైలాగు ఇచ్చారు. 'మహారాణీ, దూత వచ్చాడు.' ఆ సీను శుక్రవారం తీస్తామన్నారు. ఆటోలోనూ, స్నానాల గదిలోనూ దూత వస్తూనే ఉన్నాడు. అంతలో మేకప్ అన్న నా చెయ్యి పట్టుకుని, "ఇదేంటమ్మా, కెమెరాకి కనిపిస్తే తిట్లు నాకు" అని చిలుక మీద రోజూ మందంగా రంగు పట్టించడం మొదలుపెట్టాడు. పుండు మానేదాకా దాని మీద ఏమీ పూయొద్దని టాటూ షాపతను చెప్పాడు. ఆ సంగతి అన్నతో చెబితే డైలాగు పక్క చెలికత్తెకు పోతుంది. అందుకే రోజూ చెయ్యి చాపి కూర్చున్నాను.

వారం తిరక్కముందే చిలుక ముక్కు ఉబ్బింది. ఒళ్లంతా బాగానే ఉంది, ఎర్రగా ఉన్న ముక్కు ఒక్కటే పండుమిరపకాయ కొరికినట్టు లేచి కూర్చుంది. ఒకటే దురద. అమ్మ మౌనవ్రతం మానేసి నన్ను వెంగళరావు నగర్‌లో చర్మ వ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది. ఆవిడ భూతద్దం పెట్టి చూసి, "ఎర్ర రంగు మీ ఒంటికి పడలేదండీ. చాలా అరుదుగా జరుగుతుంది. తగ్గినా మళ్లీ ఎప్పుడైనా ఉబ్బొచ్చు. తొందరపడి లేజర్‌తో తీయించకండి, అలర్జీ ఇంకా పెరగొచ్చు. జ్వరం వచ్చినా, ఎరుపు పైకి పాకినా వెంటనే రండి. మేకప్ మాత్రం అస్సలు వద్దు" అంది.

"అరుదైనయన్నీ నీకే దొరుకుతయి బిడ్డా, నౌకరి తప్ప" అంది అమ్మ. నాకు మాత్రం లోపల చిన్న గర్వం. చెలికత్తెల గుంపులో నిలబడేదాన్ని, నన్ను అరుదు అన్న మొదటి మనిషి ఆ డాక్టరమ్మే.

శుక్రవారం చేతికి మేకప్ వద్దన్నాను. అసోసియేట్ డైరెక్టర్ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "అయితే డైలాగు ఆ పక్కనున్న చెలికత్తెకి ఇచ్చేద్దాం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. వింజామర పట్టుకునే తిన్నగా డైరెక్టర్ గారి కుర్చీ దగ్గరికి వెళ్లాను.

"సార్, రాజుల కాలంల పచ్చబొట్లు లేవా? మా నాయనమ్మకు చేతినిండ ఉన్నయి. చెలికత్తెకు ఉంటే ఏమైతది?"

ఆయన నా చెయ్యి చూసి, "పచ్చబొట్టు సరేనమ్మా, ఆ ముక్కేంటి అలా ఉంది?" అన్నారు.

"డైలాగు గుంజుకుంటున్నరని కోపమొచ్చింది సార్."

ఆయన గట్టిగా నవ్వారు. డైలాగు నాకే మిగిలింది. చిలుకను దాచకుండానే చెప్పాను.

సీరియల్ వచ్చిన రోజు అమ్మ పక్కింటివాళ్లను కూడా పిలిచింది. దూత వచ్చాడు. తెర నిండా నా ముఖమే ఉంది, భుజాల దగ్గర ఆగిపోయింది. అమ్మ టీవీ దగ్గరికి జరిగి వెతికింది. "చెయ్యేది? గా పిట్ట కోసమే గదా గంత లొల్లి చేసినవ్?"

ఇప్పుడు నేను డబ్బింగ్ చెబుతాను. తెర మీద చెయ్యీ లేదు, ముఖమూ లేదు. ఎండాకాలం వస్తే ముక్కు అప్పుడప్పుడూ లేస్తుంది. కోసి తీసేయొచ్చు కదా అని చూసినవాళ్లంతా అంటారు. తీయించను. దానికి మందు రాస్తూ, ఎవరూ వినకుండా 'మహారాణీ, దూత వచ్చాడు' అనుకుంటాను. ఆ రోజు నాలో ఉన్న ఆ పిల్ల చెప్పినంత బాగా ఇప్పుడు నాకు రాదు.