పూజలో చిక్కిన ఆట సామాను

మందుల కంపెనీలో ప్యాకింగ్ పని నాది. అట్టపెట్టె మీద ఎంత తళుకున్నా, లోపల మాత్రలు లేకపోతే ఆ పెట్టెను పక్కన పడేస్తాం. అందుకేనేమో, బల్ల మీది బంతుల్ని స్టిక్కుతో పాకెట్లలోకి కొట్టే పూల్ ఆటలో చేసే గారడీ దెబ్బల విషయంలో మా ఆయనకూ నాకూ ఎప్పుడూ పడదు. మార్కులు చేతికి వేయాలి, సామానుకు కాదని నా పంతం. తమాషా లేకపోతే చూసేదెవరని ఆయన వాదన. పెళ్లయిన కొత్తలో మాత్రం ఆయన దగ్గర ఏ తమాషా సామానూ ఉండేది కాదు. ఒక స్టిక్కు, ఒక సుద్దముక్క, అంతే.

ఇస్నాపూర్‌లో మా గల్లీ చివర బేరింగులమ్మే దుకాణం ఉంది. దాని పై అంతస్తులోనే ఆ పూల్ సెంటర్. నడిపే అన్న వాళ్లది గుంటూరు వైపు. వాళ్ల నాన్న ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. షిఫ్టు దిగిన వర్కర్లంతా అక్కడే చేరతారు. నేను మొదటిసారి మెట్లెక్కి వెళ్లినప్పుడు, ఆడమనిషిని చూసి అందరూ స్టిక్కులు పట్టుకుని బొమ్మల్లా నిలబడ్డారు. ఓనరన్నే కుర్చీ తుడిచి వేసి, "కూర్చో చెల్లెమ్మా, మీ ఆయన ఆట చూద్దువుగాని" అన్నాడు.

ఆ రోజు చూసిన దెబ్బ నాకింకా కళ్లముందే ఉంది. మా ఆయన ఒక రంగు బంతిని మూల పాకెట్ ముందు పెట్టాడు. తెల్లబంతిని టేబుల్ నడిమధ్యలో పెట్టాడు. కొట్టగానే రంగు బంతి పాకెట్‌లో పడింది. తెల్లబంతి ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి, వచ్చిన దారినే వచ్చి, ఇంకా వెనక్కి పోయి, ఎదురు మూల పాకెట్‌లో పడింది. చెయ్యి వెంట్రుకవాసి వణికినా అది దారి తప్పుతుందట. "స్టిక్కును గట్టిగ పట్టొద్దు. కోడిగుడ్డు పట్టినట్టు పట్టాలె" అని నాకు నేర్పబోయాడు కూడా. నాకు రాలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆయన నాకు మేనబావ. పని ఇనుము చెక్కే లేత్ మిషన్ మీద. ఇనుము మీద వేలు పెట్టి రాసి, ఎంత నునుపుందో చెప్పేస్తాడు. ఆ చేతులంటే ఆయనకు చెప్పలేనంత గర్వం. పోయిన ఎండాకాలం రుద్రారం దగ్గర హైవే మీద బైకు జారి, ఆ కుడి మణికట్టే విరిగింది. ప్లేటు వేశారు. ఎముక అతికింది, ఇక భయం లేదు, చేతిని వాడుతూ ఉండమని డాక్టరు చెప్పాడు. కంపెనీలో కొన్నాళ్లు స్టోర్స్‌లో కూర్చోబెట్టారు. ఫోర్‌మన్ మంచివాడే. "దసరా సెలవులైనంక చెప్పు, మిషన్ మీదికొస్తవా, స్టోర్లనే ఉంటవా? నీ ఇష్టం" అన్నాడట. ఇష్టం ఆయనకే వదిలేయడంతో మాకు చావొచ్చిపడింది.

"స్టోరే నయమే. నీడపట్టు పని, ఏం పరేషాన్ లేదు" అనేవాడు ఇంట్లో. లేత్ అంటే పడిచచ్చే మనిషి నోట ఆ మాట వింటుంటే నాకు నమ్మబుద్ధయ్యేది కాదు. అప్పటినుంచే చాయ్ సగం గ్లాసే పోయమనడం మొదలుపెట్టాడు. అదేమిటంటే గ్యాస్ అవుతోందన్నాడు. పచ్చిమిరపకాయ తొక్కుతో కంచం ఖాళీ చేసే మనిషికి చాయ్‌తోనే గ్యాసా? ఒకరోజు తలుపు చాటునుంచి చూశాను. నిండు గ్లాసు కుడిచేత్తో ఎత్తాడు. తొణికింది. గబుక్కున దించేసి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, గట్టు తుడిచేశాడు. నేను చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చేశాను.

ఆ తర్వాతే ఇంట్లోకి సామాను దిగింది. నిలువుగా కోసిన నీళ్ల పైపు, వడ్రంగి చేత చేయించిన చెక్క వాలు, వినాయకుడి మండపంలో మిగిలిన మిణుకు లైట్లు. వాటికి తోడు నా ఎర్ర గాజులు! ఏడుపాయల జాతరలో బేరమాడి కొనుక్కున్నవి, మట్టిముద్దల్లో నిలబెట్టి వరుసగా పేర్చాడు. బంతిని జెర తోస్తే చాలు, పైపులో పడి, వాలు మీద జారి, గాజుల్లోంచి దూరి, పాకెట్‌లో పడుతుంది. పూల్ సెంటర్‌లో ఒకటే ఈలలు.

"ఇండ్ల నువ్వు ఆడిందేముంది బావా? పైపు ఆడ్తున్నది, నువ్వు చూస్తున్నవ్" అన్నాను ఉండబట్టలేక.

"జనం చప్పట్లు కొట్టలేదా? నీకు గాజుల బాధ గంతే."

"గాజులు పోతే పోనియ్. ఆ వెనక్కొచ్చే దెబ్బ మళ్ల కొట్టి చూపియ్, నోరు మూసుకుంట."

ఆయన పైపును గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. నాకు కోపం దిగి భయం పట్టుకుంది. చెయ్యి బాగైందో లేదో ఆయనకే తెలియదు. తెలుసుకోవడానికి ధైర్యం చాలడం లేదు. ఆ దెబ్బ తప్పితే లేత్ కూడా పోయినట్టేనని మనసులో గట్టిగా అనేసుకున్నాడు. నేనూ ఇంకేం అడగలేకపోయాను.

ఏటా మహర్నవమి సాయంత్రం, ఆయుధపూజ అయ్యాక, ఓనరన్న గారడీ దెబ్బల పోటీ పెడతాడు. ఎవరికి ఎక్కువ చప్పట్లు పడితే వాళ్లే గెలిచినట్టు. మా ఆయన పేరు ముందే ఇచ్చేశాడు. ఆ రోజు నేను డ్యూటీ దిగి వచ్చేసరికి ఆయన కూడా అప్పుడే వచ్చి, గుమ్మంలో కొయ్యబారి నిలబడి ఉన్నాడు.

మా అత్తమ్మ పూజ ముగించేసింది. కొడవలి, గడ్డపార, బైకు, కొడుకు పానాల పెట్టె, అన్నీ పసుపు కుంకుమలతో కళకళలాడుతున్నాయి. వాటి మధ్యలో, అమ్మవారి పటం ముందు, కోసిన పైపు. దానికి బంతిపూల దండ. చెక్క వాలుకు నామం పెట్టినట్టు గంధం. గాజులకు ఒక్కొక్కదానికీ బొట్టు. లైట్లు పటం చుట్టూ మిణుకుమంటున్నాయి.

"అమ్మా! గిదేందే? అవి ఆటవి, ఆయుధాలు కావు!" అని గగ్గోలు పెట్టాడు మా ఆయన.

"రోజూ చేతిల పట్టి పని చేస్తున్నవా లేదా? మరి ఆయుధం కాకుంటే ఏంది?" అంది అత్తమ్మ, ఒత్తి సరిచేస్తూ.

"జెర ఇయ్యే, సాయంత్రం పోటీ ఉంది."

"సూడు బిడ్డా, పూజల పెట్టినయి రేపు దసరా దీపం పెట్టేదాంక ముట్టొద్దు. మీ తాత నాగలిని ముట్టలె, మీ నాయిన మోటారును ముట్టలె. నువ్వెంతటోనివి?"

అత్తమ్మ అంత మాట అన్నాక బతిమాలి లాభం లేదు. మా ఇంట్లో ఆ రోజు కూరగాయలు కోసే కత్తిపీటకు కూడా సెలవే. పొద్దున్నే అన్నీ తరిగి పెట్టుకుంటాం. ఆయన నావైపు చూశాడు. నాకు నవ్వూ వచ్చింది, గుండె దడా వచ్చింది. "పేరిచ్చినవ్ కదా బావా, పోయి చూసొద్దాం దా" అన్నాను.

పూల్ సెంటర్ గడప దగ్గర పగిలిన గుమ్మడికాయ, లోపల సాంబ్రాణి పొగ. స్టిక్కులన్నిటికీ బొట్లు. మా ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, "అన్నా, పూజ చేసినవి గప్పుడే ముట్టొచ్చునా?" అని అడిగాడు. తప్పించుకోవడానికి దారి వెతుక్కుంటున్నాడని నాకు అర్థమైంది.

ఓనరన్న నవ్వాడు. "మా వైపు పూజ అయిన బండిని ఆ పూటే నిమ్మకాయల మీద తిప్పుతాం తమ్ముడూ. వాడని దానికి పూజెందుకు? పట్టుకో."

మాకంటే ముందు ఒకాయన కూల్‌డ్రింక్ సీసాల మీద బంతులు నిలబెట్టి, రంగురంగుల లైట్లు వేసి, కళ్లకు గంతలు కట్టుకుని కొట్టాడు. గది దద్దరిల్లింది. తర్వాత మా ఆయన వంతు. ఉత్త చేతుల్తో వచ్చిన మనిషిని చూసి, "క్యా భాయ్, సామాన్ కిధర్?" అని సామానెక్కడో అడుగుతూ బిహారీ కుర్రాళ్లు ఆటపట్టించారు. "పూజలో కూర్చుంది" అని నేనే జవాబిచ్చాను. అందరూ నవ్వారు.

ఆయన నవ్వలేదు. కాసేపు టేబుల్‌నే చూశాడు. తర్వాత రంగు బంతిని మూల పాకెట్ ముందు పెట్టాడు. తెల్లబంతిని నడిమధ్యకు తెచ్చాడు. ఆ దెబ్బే!

వంగి కొట్టాడు. రంగు బంతి పడింది. తెల్లబంతి వెనక్కి రాలేదు. అక్కడే నీరసంగా ఆగిపోయింది. "అరెరె" అన్నారెవరో. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. స్టిక్కు పట్టుకున్న చేతివేళ్లు బిగిసి తెల్లబడ్డాయి. ఇంకో అవకాశం ఉందని ఓనరన్న చెప్పినా ఆయనకు వినబడినట్టు లేదు. స్టిక్కు గోడకు ఆనించబోయాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. ఆ స్టిక్కు మీదో, ఆ ప్లేటు మీదో, ఇన్నాళ్లూ నోరు కుట్టేసుకున్న నామీదో. కుర్చీలోంచి లేచి, గది గదంతా వినబడేలా అరిచాను.

"గట్టిగ పట్టకు బావా! నువ్వే చెప్పలేదా? కోడిగుడ్డు!"

ఆయన తిరిగి చూశాడు. ఏమనుకున్నాడో, చెయ్యి ఒకసారి విదిలించాడు. బంతులు మళ్లీ పెట్టాడు. స్టిక్కు పిడి చుట్టూ వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి. నేను కళ్లు మూసుకుందామనుకున్నాను, మూసుకోలేకపోయాను. టక్కుమన్న చప్పుడు. రంగు బంతి పడింది. తెల్లబంతి ఆగింది. ఆగి, కదిలింది. వెనక్కి. తిన్నగా, తొందర లేకుండా టేబుల్ అంతా దాటి, ఎదురు మూలకు వచ్చి, అంచు మీద ఊగి, లోపల పడింది.

హమ్మయ్య! నా నెత్తిన పాలు పోసినట్టయింది. నవ్వుతున్నాను, కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి. పక్కనున్న బిహారీ అబ్బాయి పరేషానై నాకు మంచినీళ్లిచ్చాడు. చప్పట్లు పడ్డాయి కానీ, సీసాలాయనకు పడినన్ని కాదు. గెలుపు ఆ సీసాలాయనకే పోయింది. ఇంకో రోజైతే ఓనరన్నతో పెద్ద తగాదాయే పెట్టుకునేదాన్ని. ఆ పూట ఎవరు గెలిస్తే నాకేం? మా ఆయన టేబుల్ అంచు మీద కూర్చుని తన మణికట్టును తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. ఆ ప్లాస్టిక్ పైపును ఇన్ని రోజులు తిట్టానే, చెయ్యి పనికిరాదనుకున్న మనిషిని ఆ టేబుల్ దాకా రప్పించింది అదే కదా అనిపించింది. మార్కులు మాత్రం చేతికే. అందులో తేడా లేదు.

తెల్లారి దసరా. అత్తమ్మ దీపం పెట్టి, సామానుకు సెలవిచ్చింది. మా ఆయన ముందుగా నా గాజులు తీసి, మట్టి కడిగి, గట్టు మీద పెట్టాడు. "సెలవులైనంక పొద్దటి షిఫ్టుకు పోవాలె. లేత్ మీదికి" అన్నాడు, ఎటో చూస్తూ. నేను సరేనని, అలవాటు ప్రకారం సగం గ్లాసు చాయ్ పోసి ఇచ్చాను.

గ్లాసులోకి చూసి, నావైపు చూశాడు. "ఏందే, సగమే పోసినవ్?"

అంచుదాకా పోశాను. కుడిచేత్తో ఎత్తాడు. కొంచెం తొణికి గచ్చు మీద పడింది. నేను గుడ్డ కోసం వంగబోయాను.

"పడితే పడ్డది, ఉండనియ్ తియ్" అని, చాయ్ ఊదుకుంటూ వాకిట్లోకి వెళ్లాడు.