పెదనాన్న ఇత్తడి బ్యాడ్జి

మొన్న శనివారం ఇక్కడ ఫిజీలో, సువాలోని మా సంఘం భవనంలో భజన ముగిసి అందరమూ టీ తాగుతుండగా, ఈమధ్యనే సంఘంలో చేరిన ఒకాయన తన ఫోను నా ముందు పెట్టి, అందులో ఉన్న యుద్ధకాలపు జర్మన్ సైనిక చిహ్నం ఫోటో చూపించి, ఇది అసలా నకిలీయా చెప్పమన్నాడు. ఒకప్పుడు ఆ విద్యలో నాకు పేరుండేదని ఆయనకెవరో చెప్పారట. కళ్ళజోడు తెచ్చుకోలేదని తప్పించుకున్నాను గాని, కళ్ళజోడు నా జేబులోనే ఉంది. ఇంటికి వచ్చాక కూడా మనసు కుదుటపడలేదు. నా వయసువాళ్ళకు ఇలాంటి మాటలు చెప్పుకుంటే అర్థమవుతాయి కనుక చెబుతున్నాను.

ఫిజీకి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో నేను లౌటోకా రేవులో ఓడల సరుకు వ్రాసుకునే గుమాస్తాను. న్యూజిలాండ్ నుంచి వచ్చే నావికుల దగ్గర యుద్ధంలో చేజిక్కిన బ్యాడ్జీలు, టోపీ బిళ్ళలు ఉండేవి. వాటి మీద నాకెందుకు మోజు కలిగిందో ఇప్పటికీ సరిగా చెప్పలేను. వాటి మీది నాజీ గుర్తు కింద ఎన్ని లక్షల మందిని చంపారో ఆనాడు నేను ఆలోచించనే లేదు, అదొక సిగ్గు. నాకు తెలిసిందల్లా ఒక పాత కేటలాగు, ఒక భూతద్దం, ఒక అయస్కాంతం. పోత పోసిన నకిలీల మీద సన్నని బుడగల గుంటలుంటాయని, అచ్చు గుద్దిన అసలువాటి అంచులు పదునుగా ఉంటాయని, కొత్త మెరుపు పోగొట్టి పాతదిగా చూపడానికి కొందరు యాసిడ్ పూస్తారని నేర్చుకున్నాను. నావికుడు జేబులోంచి తీసిందాన్ని ఒక్కసారి తిప్పి చూసి పెదవి విరిస్తే, చుట్టూ ఉన్నవాళ్ళు నా వంక చూసే చూపు కోసం నేను బతికిన రోజులవి.

బా అనే ఊరి దగ్గర చెరకు పొలంలో మా పెదనాన్న ఉండేవారు. యుద్ధకాలంలో ఆయన ఒక ఆసుపత్రి ఓడలో వంటసాయానికి వెళ్ళి వచ్చారు. దవడకు దెబ్బ తగిలి ఏమీ నమలలేని ఒక జర్మన్ ఖైదీ కుర్రాడికి ఆయన రోజూ గంజి కాచి పోశారట. ఓడ దిగేటప్పుడు ఆ కుర్రాడు, గాయపడిన సిపాయిలకిచ్చే తన బ్యాడ్జీని తీసి ఆయన చేతిలో పెట్టాడట. యుద్ధానికి మన ఇండియావాళ్ళు వెళ్ళనేలేదని ఊళ్ళో మిగతావాళ్ళు దెప్పే రోజుల్లో, మా కుటుంబానికంతటికీ చెప్పుకోవడానికి ఉన్నది ఆ గంజి కథ ఒక్కటే. బ్యాడ్జి మీద స్వస్తిక్ గుర్తు చూసి పెద్దమ్మ దాన్ని దేవుడి పీటమీద పెట్టింది. ఇది మన స్వస్తిక్ కాదని పెదనాన్న ఎంత చెప్పినా, వాళ్ళు పాడుచేస్తే అది దేవుడి తప్పా అని, దానికీ కుంకుమ పెట్టేది.

చెరకు కోత ముగిశాక ఏటా ఆ ఇంట్లో సత్యనారాయణ పూజ జరిగేది. ఆ యేడు ప్రసాదాలయ్యాక మగవాళ్ళందరమూ పందిట్లో చాప మీద, వేరు దంచి కలిపే యంగోనా పానీయం గిన్నె చుట్టూ కూర్చున్నాం. పెదనాన్న ఎప్పటిలాగే కథ మొదలుపెట్టి, నా విద్య సంగతి విన్నారు కాబోలు, పీటమీది బ్యాడ్జి తెప్పించి మురిపెంగా నా చేతికిచ్చారు. నేను జేబులోంచి అయస్కాంతం తీశాను. అంటుకోలేదు. నా కేటలాగు ప్రకారం ఆ రకం బ్యాడ్జి ఇనుముది, నల్లరంగు వేసినది. ఇదేమో ఇత్తడి, బంగారంలా తళతళలాడుతోంది, మీది గీతలన్నీ అరిగి నున్నబడ్డాయి. పక్కకు పిలిచి చెప్పవచ్చు. అసలు చెప్పకపోనూవచ్చు. కాని అందరి కళ్ళూ నా మీదున్నాయి.

"ఇది నకిలీ, పెదనాన్నా. టూరిస్టు దుకాణం సరుకు," అన్నాను.

ఆయన అల్లుడు, మా బావ, కొబ్బరిచిప్ప కింద పెట్టి, "ఏం మామా, నీ జర్మన్ వాడు సువా బజార్‌లో దుకాణ్ పెట్టినాడా?" అన్నాడు. పందిరంతా నవ్వింది. నేనూ నవ్వాను.

పెదనాన్న నవ్వలేదు, కోప్పడనూ లేదు. బ్యాడ్జీని నా చేతిలోంచి తీసుకుని కాసేపు చూశారు.

"బుక్‌లో అట్లనే ఉందా, బేటా?"

ఉందన్నాను.

"అయితే బుక్ సరి. నా దగ్గర బుక్ లేదు."

ఆ తరువాత ఆయన ఆ కథ చెప్పలేదు. అది పోతే పోయింది, ఆయన మాటకున్న విలువ కూడా దానితోనే పోయింది. పొలం గట్టు తగాదాలో సాక్ష్యం చెప్పినా, వాన వస్తుందని చెప్పినా, ఎవరో ఒకరు జర్మన్ వాడు చెప్పాడా అని నవ్వేవారు. పూజ నాడు ఆయన పందిట్లోకి రాకుండా లోపల పెద్దమ్మ పక్కన కూర్చోవడం మొదలుపెట్టారు.

కొన్నేళ్ళకు, ఆక్లాండ్ నుంచి వచ్చిన ఒక మాజీ సైనికుడితో బ్యాడ్జీలు మార్చుకున్నాను. నాకు వచ్చినది పెదనాన్న దగ్గరున్న రకానిదే, ఆయన ఆఫ్రికా ఎడారి యుద్ధంలో స్వయంగా తెచ్చుకున్నది, అనుమానానికి తావులేనిది. అయస్కాంతం పెడితే అంటలేదు. నల్లరంగు రాలినచోట ఇత్తడి కనబడుతోంది. యుద్ధం మొదట్లో వాటిని ఇత్తడితోనే చేశారని, ఇనుము తరువాత వచ్చిందని ఆయన మామూలుగా అన్నాడు. ఆ వారమే బా వెళ్ళి, పెద్దమ్మ గుండీల డబ్బాలో పడి ఉన్న బ్యాడ్జీని అడిగి తీసుకుని వెనక్కి తిప్పి భూతద్దంతో చూశాను. పిన్ను మడత కింద, వేలు దూరని సందులో, నల్లరంగు పదిలంగా ఉంది. మిగిలినదంతా పెద్దమ్మ ప్రతి శుక్రవారం దేవుడి సామానుతో కలిపి చింతపండుతో తోమేసింది. పెద్దమ్మ చేతుల్లో పెరిగినవాణ్ణి, ఆ పీటమీది కుందులు ఎందుకు మెరుస్తాయో ఎరిగినవాణ్ణి, ఆ బ్యాడ్జి ఎందుకు మెరిసిందో ఆలోచించలేకపోయాను.

అప్పటికి పెదనాన్న బతికే ఉన్నారు, వాకిట్లోనే కూర్చుని ఉన్నారు. నేను బ్యాడ్జీని డబ్బాలో వేసి, టీ తాగి, వచ్చేశాను. నలుగురిలో అన్నమాట నలుగురిలోనే దిద్దుకోవాలి, వచ్చే పూజకు చెబుదామనుకున్నాను. ఆ పూజకు రేవు పెద్దలు కొందరు అతిథులుగా వచ్చారు, వాళ్ళ ముందు నా తెలివితక్కువ ఒప్పుకోవడం ఇష్టం లేకపోయింది. మరుసటి పూజ వచ్చేసరికి ఆయన లేరు.

కర్మకాండలన్నీ అయ్యాక పెద్దమ్మ దగ్గర కూర్చుని జరిగింది చెప్పాను. ఇత్తడి, నల్లరంగు, చింతపండు, అంతా వివరంగా చెప్పాను. నా బరువు దింపుకునే తొందరలో, అది ఎవరి మీద పడుతుందో చూసుకోలేదు. ఆమె తన అరచేతుల వంక చూసుకుంది.

"అయితే నేనే తోమేసినానా, బేటా? నా వల్లనే ఆయన జూటా మనిషి అయినాడా?"

కాదు పెద్దమ్మా, నా వల్ల అన్నాను. ఎన్నిసార్లన్నానో. ఆమె తలాడించింది గాని నమ్మినట్లు నాకు కనబడలేదు. పోయేదాకా మళ్ళీ ఆ మాట ఎత్తలేదు, చింతపండుతో ఇత్తడి తోమనూ లేదు. కుందులు నల్లబడిపోయాయి.

నా సేకరణ ఆ యేడే వదిలించుకున్నాను. దానివల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు.

ఇప్పుడు లోహం ఏదో క్షణంలో చెప్పే యంత్రాలున్నాయి, ఇంటికొక నిపుణుడున్నాడు. పెద్దవాళ్ళు ఏదైనా చెప్పడం మొదలుపెడితే పిల్లలు ఫోను తీసి నిజమేనా అని చూస్తారు. ముందు వినడం, నిజానిజాలు తరువాత చూసుకోవడం మా పందిట్లో ఒకప్పుడు ఉండేది. దాన్ని చెడగొట్టిన మొదటివాణ్ణి నేనే కనుక వాళ్ళను ఏమీ అనలేను. బావ పోయాడు, ఆ చాప మీద కూర్చున్నవాళ్ళలో ఇంచుమించు అందరూ పోయారు. అప్పుడప్పుడు మా మనవరాలు ఆ జర్మన్ కుర్రాడి పేరేమిటి, ఏ రేవులో దిగాడు అని అడుగుతుంది. పెదనాన్న కథ చెప్పిన ప్రతిసారీ ఆ పేరు, ఆ రేవు చెప్పేవారు. ఆ బ్యాడ్జి వెనుక పిన్నును ఎలా అతికించారో నేను ఇప్పటికీ బొమ్మ గీసి చూపించగలను. పేరు మాత్రం చెప్పలేను. ఆయన చెబుతున్నప్పుడు నేను పిన్ను చూస్తున్నాను.