తెరమీద మూసిన తలుపు

గోధుమలో మునిగిన మనిషి ఈదలేడు. డోరీన్ హ్రిచుక్ తండ్రి అలాగే పోయాడు. ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. ఆమె రెజైనా నగరానికి వచ్చి, ధాన్యపు గోదాముల యంత్రాలకు ప్రోగ్రాములు రాసే కంపెనీలో చేరింది. పెళ్లి చేసుకోలేదు. మధ్యాహ్నం బంగాళాదుంప కూరి ఉడికించిన పెరోగీలు చల్లగానే తినేది.

గోదాములో ధాన్యపు అర అడుగున ఉండే తలుపు కదిలిన ప్రతిసారీ ఆ సంగతి తెరమీద కనబడాలని ఆమె ఒక మ్యాక్రో, అంటే కోడ్‌కి ఒక అచ్చు, రాసింది. అందులో పెట్టిన కోడ్ రెండు వరుసల్లోకి వెళ్తుంది. మొదటి వరుసలో # గుర్తు దాన్ని ఉత్త అక్షరాలుగా మార్చి తెరకు పంపుతుంది. రెండో వరుసలో అదే కోడ్ నడిచి తలుపు మూస్తుంది.

మార్చిలో ఒక ఉదయం, పక్క బల్ల లోర్న్ కాఫీ కప్పుతో వచ్చాడు.

“నీ మ్యాక్రోకి క్షవరం చేశా డోరీన్. ఒకే కోడ్ రెండుసార్లు రాశావేంటి, నత్తి ఉందా?”

“ఏ వరుస తీశావ్?”

“రెండోది. కంగారుపడకు, తెరమీద అన్నీ చక్కగా వస్తున్నాయి.”

“ఎక్కడికి పంపావ్?”

“మీ తమ్ముడు స్టెఫాన్ పనిచేసే గోదాముకీ, ఉత్తరాన ఉన్నదానికీ. నిన్ననే.”

మూయమన్న ఆజ్ఞ తెరమీద పడుతుంది. తలుపు మాత్రం తెరిచే ఉంటుంది. అరలో మనిషి ఉండగా, కింద అన్ని అరల గోధుమనూ మోసే బెల్టు కదిలితే, గోధుమ అతణ్ణి లోపలికి లాగుతుంది.

ఆమె ఫోను అందుకుంది. తమ్ముడి గోదాములో మేస్త్రీ బోదాన్ ఎత్తాడు.

“స్టెఫాన్ అరలో ఉంటే పైకి లాగండి!”

“గోడలు గీకడానికి ఇప్పుడే దిగాడమ్మా. తలుపు మూసే ఉంది, తెరమీద రాసుంది. పక్క అరలోంచి గోధుమ రైలుకి ఎత్తాలని బెల్టు వేస్తున్నాం.”

“అది తలుపు చెప్పిన మాట కాదు బోదాన్, నా కోడ్‌లోని అక్షరాలు! బెల్టు ఆపు!”

ఫోను బల్లమీద పడిన చప్పుడు. అరుపులు. ఆ వెనక ఇసుక జారుతున్నట్టు ఒక సన్నని మోత, చాలాసేపు.

“అక్కా.” స్టెఫాన్ గొంతు ఎండిపోయి ఉంది. “నడుందాకా వచ్చింది. తాడు కట్టుకున్నా కాబట్టి...”

“సరే. కూర్చో. నీళ్లు తాగు.”

ఆమె ఫోను పెట్టేసింది. లోర్న్ కప్పు వైపే చూస్తున్నాడు.

“రెండో గోదాము నంబరు చెప్పు.”

చెప్పాడు. ఆమె నొక్కింది. అక్కడ ఫోను పక్కన ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు. మోగగానే ఎత్తుతాడు, అందరూ అర దగ్గరికి పరిగెత్తితే తప్ప. కిటికీ అవతల మంచు అడ్డంగా కొడుతోంది. లోర్న్ ఏదో అనబోతే ఆమె చెయ్యెత్తి ఆపింది.

ఫోను మోగుతోంది. మోగుతూనే ఉంది.