కెన్ విన్న ‘రండి’

ఒక ముసలాయనకు నేను ఒక మాటకు తప్పు అర్థం చెప్పాను. సరిచేయబోతే ఆయన నమ్మలేదు. అందుకే ఇది రాసి పెడుతున్నాను. ఇక కాగితమైనా నమ్మాలి.

దయ్యాలంటే నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. చదివింది బి.కాం. కంప్యూటరైనా, యుద్ధ చరిత్రయినా లైబ్రరీల్లో కూర్చుని సొంతంగా నేర్చుకున్నవే. ఆ గర్వం కొంచెం ఎక్కువగానే ఉండేది.

1999లో వైటూకే కంప్యూటర్ పని మీద సిడ్నీ వచ్చి, హారిస్ పార్క్‌లో కావలి ఊరి స్నేహితుడు కరీంతో కలిసి ఇల్లు అద్దెకు తీసుకున్నాను. పక్కింట్లో కెన్ ఒక్కడే ఉండేవాడు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. యుద్ధంలో జపాన్ చేతిలో ఉన్న ఒక పసిఫిక్ దీవి మీద ఆస్ట్రేలియా సైన్యం దిగినప్పుడు ఆ పడవల్లో ఉన్నాడట.

ఒక ఆదివారం కంచె దగ్గర నిలబడి చెప్పాడు. తీరమంతా పొగ. ముందు వెళ్లిన పడవలు పగడపు దిబ్బల మీద ఇరుక్కున్నాయి. వాటి మీద తూటాలు కురుస్తున్నాయి. అప్పుడు ఎడమవైపు నుంచి ఒక గొంతు “రాండీ, రాండీ” అని పిలిచింది. పడవ నడిపేవాడు అటు తిప్పాడు. దిబ్బల మధ్య లోతైన దారి దొరికింది. ఒడ్డెక్కి చూస్తే అక్కడ ఎవరూ లేరు.

“ఇండియా మాటేమో అని ఎవరో అన్నారు. మీ హిందీయేనా, మేట్?” అని అడిగాడు.

ఆయన హిందీ అన్నాడు, నేను హిందీలోనే వెతికాను. అది బూతుమాట అని చెప్పాను. ఆ దీవిలో మనవాళ్లున్నట్టు ఏ పుస్తకంలోనూ లేదని కూడా చెప్పాను. “ఎవడో మిమ్మల్ని తిట్టి ఉంటాడు” అని నవ్వాను.

కెన్ నవ్వలేదు. “ఏటా ఏప్రిల్‌లో సైనికులను తలుచుకునే రోజు తెల్లవారుజామున యుద్ధ స్మారకం దగ్గర నిలబడి థాంక్స్ చెప్పుకునేది ఆ మనిషికే” అని లోపలికి వెళ్లిపోయాడు.

జనవరిలో కరీంతో బీచ్‌కి వెళ్లాను. నడుం లోతు నీళ్లలో ఉండగా ప్రవాహం నన్ను లోపలికి లాగేసింది. అలాంటప్పుడు ఎదురీదకూడదు, పక్కకు ఈదాలని చదివినవాణ్ణే. ఒక్క అక్షరం గుర్తు రాలేదు. ఒడ్డుకేసి కొట్టుకుని కొట్టుకుని చేతులు పడిపోయాయి.

ఎడమ పక్క నుంచి వినపడింది. “రండి. ఇటు రండి.” కేక కాదు. గుమ్మంలోకి వచ్చినవాళ్లను లోపలికి పిలిచినట్టుంది. అటే ఈదాను. కాళ్లకు ఇసుక తగిలింది.

పట్టపగలు. ఆ వైపు మనుషులే లేరు. కరీం దూరంగా చిప్స్ దుకాణం వరసలో ఉన్నాడు.

“నేనెందుకు పిలుస్తాన్రా? పిలిచినా, నీ మొహానికి ‘అండి’ ఒకటా?” అన్నాడు.

నిజమే. వాడెప్పుడూ “రారా” అనే అంటాడు. అప్పుడు గానీ కెన్ అన్నది తెలుగుమాట అని నాకు తట్టలేదు. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాట.

ఆ సాయంత్రమే కెన్ దగ్గరకు వెళ్లాను. అది మా భాష అని, గౌరవంగా పిలిచే పిలుపు అని, నేనూ విన్నానని చెప్పాను. ఆయన ఓపిగ్గా విని భుజం తట్టాడు.

“నువ్వు మంచి కుర్రాడివి. ముసలాణ్ణి ఊరడించడానికి ఇంత కథ అల్లక్కర్లేదు, మేట్.”

నా తప్పును నమ్మినవాడు నా నిజాన్ని నమ్మలేదు. ఆ ఏప్రిల్‌లో ఆయన స్మారకం దగ్గరకు వెళ్లలేదు. తర్వాత కూడా వెళ్లలేదు.

సింగపూర్‌లో జపాన్‌కు పట్టుబడిన మన సైనికులను పసిఫిక్ దీవులకు చాకిరీకి తీసుకెళ్లారని చాలా ఆలస్యంగా చదివాను. కెన్‌ను పిలిచింది వాళ్లలో ఒక తెలుగాయనేమో. అలా అనుకుంటే ఆయన విన్నదానికి అర్థం దొరుకుతుంది. నేను విన్నదానికి ఇప్పటికీ దొరకలేదు.

ఆ పుస్తకం వెతికి ఇచ్చిన లైబ్రేరియన్ మార్గరెట్‌కు, ఇది రాయమని పోరిన కరీంకు, నన్ను అడిగినందుకు కెన్‌కు కృతజ్ఞతలు. ఇంకొకరికి కూడా చెప్పుకోవాలి, పేరు తెలియదు. కెన్ మానేశాడు కాబట్టి ఆయన వంతు కూడా నేనే చెప్పుకుంటున్నానండీ.