నొక్కి చూడని ప్లగ్గు

సన్యాసిరావు మావ పోయాడన్న కబురు నాకు మొదట తెచ్చింది గౌరమ్మ. మా వర్క్‌షాపులో రబ్బరు అచ్చుల దగ్గర పనిచేసే మనిషి. ఆ పొద్దున ఎదురింటివాళ్లు గోడకు పూత వేయిస్తున్నారు. తడి సిమెంటు వాసన వీధంతా కమ్ముకుని ఉంది. నేను పూజకు నందివర్ధనాలు కోస్తున్నాను. గౌరమ్మ గేటు దగ్గరే ఆగిపోయి, "మన మావ లేడే పార్వతీ, తెల్లారగట్ల పోయినాడంట" అంది. ఆ వాసన ఎక్కడ తగిలినా నాకు గుర్తొచ్చే మనిషి ఆయనే. ఆ రోజు వాసనా కబురూ ఒక్కసారే వచ్చాయి. కోసిన పూలు దేవుడి ముందు పెట్టి, ఆయన్ని నాకిచ్చినందుకు దణ్ణం పెట్టుకున్నాను. ఏడుపు ఆ తరవాత వచ్చింది.

ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. కొత్తవలస దాటాక రైలు పట్టాలకు అవతల ఉన్న చిన్న వర్క్‌షాపు మాది. చమురు, గ్యాసు బావులకు సిమెంటు పెట్టేటప్పుడు వాడే సామాను అక్కడ తయారవుతుంది. ఇంట్లో నుయ్యి తవ్వించినవాళ్లకు ఈ పని తేలిగ్గానే అర్థమవుతుంది. వరలు దించాక వాటికీ మట్టికీ మధ్య సందు పూడుస్తాం కదా, అలాగే చాలా లోతు బావిలో ఇనపగొట్టం దించి, దాని చుట్టూ ఉన్న సందులో సిమెంటు నింపుతారు. ఆ సందు సరిగా నిండకపోతే లోపలి గ్యాసు దాన్నే దారి చేసుకుని పైకి తన్నుకొస్తుంది. పైన మనుషులు పనిచేస్తుంటారు. మావ పాతికేళ్లు అలాంటి బావుల మీద పనిచేసి, ఒంట్లో ఓపిక తగ్గాక మా దగ్గర తనిఖీ పనికి కుదిరాడు. ఆయన సంతకం లేనిదే ఏ పెట్టే గేటు దాటేది కాదు.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు ఉబ్బసం నన్ను ఇల్లు కదలనివ్వలేదు. అక్షరాలు, లెక్కలు, స్తోత్రాలు అన్నీ అమ్మ వంటింటి గడప మీద కూర్చోబెట్టి నేర్పినవే. ఉద్యోగం అడగడానికి వెళ్లిన రోజు చూపించడానికి నా చేతిలో ఒక్క కాగితం లేదు. మావ కొలిచే పరికరం నా చేతికిచ్చి, ఒక రింగు కొలవమన్నాడు. కొలిచి చెప్పాను. కాసేపాగి మళ్లీ కొలవమన్నాడు. ఈసారి వెంట్రుకవాసి తేడా వచ్చింది. "ఇందాక చెప్పినట్టు రాలేదండి" అన్నాను. ఆయన నవ్వి, "మొదటి అంకే మళ్లీ సెప్పేయకుండా, వచ్చిందే సెప్పినావు. రేపొద్దున్న వచ్చీ" అన్నాడు. అదే నా ఇంటర్వ్యూ.

సామాను ఎంచడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. గొట్టం బావి మధ్యలో నిలబడాలంటే దాని చుట్టూ విల్లులా వంగిన ఇనప బద్దల చట్రాలు తొడగాలి. వాటిని సెంట్రలైజర్లంటారు. ఒకసారి ఒక కొనుగోలుదారు ఫోనులో, బావి కొలత చెప్పకుండా ఏదో ఒక సైజు పంపెయ్యమన్నాడు. మావ ఒప్పుకోలేదు. "గాజులమ్మ నీ సెయ్యి సూడకుండా గాజు తీస్తాదేటి? లూజైతే జారిపోద్ది, బిగువైతే ఎక్కదు. ముందు నుయ్యి ఎంతుందో సెప్పు బాబూ" అన్నాడు. నేను పక్కనే ఉండి కిసుక్కున నవ్వాను. ఫోను పెట్టేశాక నా వైపు తిరిగి, "నవ్వుతావేటే అమ్మీ, నీ గాజులు సూడు, అయ్యి కూడా లూజే" అన్నాడు.

ఇక ప్లగ్గుల సంగతి. దీని కోసమే ఇదంతా రాస్తున్నాను. గొట్టంలోకి సిమెంటు పంపేటప్పుడు దాని ముందొక రబ్బరు ప్లగ్గు, వెనకొక రబ్బరు ప్లగ్గు వెళ్తాయి. ముందు వెళ్లే దాన్ని కింది ప్లగ్గంటారు. దాని నడుమ బోలుగా ఉండి, పైన పల్చటి రబ్బరు పొర ఉంటుంది. అది అడుగుకు చేరగానే ఒత్తిడికి ఆ పొర చిరిగి, సిమెంటు అడుగు నుంచి బయటి సందులోకి ఎక్కడానికి దారి ఇస్తుంది. వెనక వెళ్లే పై ప్లగ్గు గట్టి ముద్ద. ఈ రెండూ తారుమారైతే గట్టిది ముందు వెళ్లి దారి మూసేస్తుంది. సిమెంటంతా గొట్టంలోనే బిగుసుకుంటుంది, బయటి సందు ఖాళీగా మిగిలిపోతుంది. అందుకే ఒకటి ఎర్ర రబ్బరుతో, ఒకటి నల్ల రబ్బరుతో పోస్తాం. ఒక ఏడు దసరా ముందు ఎర్ర రబ్బరు అందలేదు. రెండూ నల్లవే పోసి, కింది ప్లగ్గు భుజం మీద ఎర్ర రంగుతో గీత గీశాం. రంగు ఏదైనా సరే, పెట్టెలో పెట్టేముందు బొటనవేలితో నడుమ నొక్కి చూడాలన్నది మావ పెట్టిన నియమం. లొంగితే కిందిది, లొంగకపోతే పైది.

ఆయుధపూజ నాడు తయారైన సామానంతా వరసగా పేర్చి నూనె కుంకుమ బొట్లు పెట్టాం. భక్తి కొద్దీ నేనే ఎక్కువ పెట్టాను. హారతి అవుతూండగానే లారీ వచ్చేసింది. గోదావరి వైపు బావికి ఆ ప్లగ్గులు మర్నాటికి అందాలట. డ్రైవరు హారను మీంచి చెయ్యి తియ్యడం లేదు. కిరసనాయిలు గుడ్డతో బొట్లు తుడిచాను. ఒకదాని భుజం మీద ఎర్రజీర కనిపించింది. దాన్ని 'కింద' అని రాసిన పెట్టెలో, రెండోదాన్ని 'పైన' అని రాసిన పెట్టెలో పెట్టి మూత బిగించాను. "నొక్కినావా?" అని మావ అడిగాడు. నొక్కాననే అనుకుని తలూపాను. ఆయన సంతకం పెట్టేశాడు.

మర్నాడు విజయదశమి. ఇంటి పెరట్లో పూజ గుడ్డలు ఉతుకుతున్నాను. కుంకుమ నీళ్లలోకి దిగిపోతోంది. కిరసనాయిలు గుడ్డ ఒక మూల మాత్రం ఎంత రుద్దినా ఎర్రగా, పెంకులా అట్టగట్టి ఉంది. గోటితో గీకాను. అది రంగు. అంటే కుంకుమతో పాటు గీతను కూడా తుడిచేశాను. మరి నేను చూసిన ఎర్రజీర గీతదా, బొట్టుదా? ఏ ప్లగ్గు నడుమా నా వేలికి తగిలిన జ్ఞాపకం లేదు. దేవుడి గూటి ముందు కూర్చున్నాను. అగ్గిపుల్ల గీసి వత్తి దాకా తీసుకెళ్లలేకపోయాను. చెప్పకపోతే ఎవరికీ తెలియదన్న మాట మనసులో మెదిలింది. మధ్యాహ్నం ఆ బావిలో సిమెంటు పంపు చేస్తారన్నదీ గుర్తొచ్చింది. దీపం వెలిగించకుండానే లేచి వెళ్లాను.

మావ అరుగు మీద చద్దన్నం తింటున్నాడు. "మావా, నేను నొక్కలేదు" అన్నాను.

"ఏటి?"

"నిన్నటి ప్లగ్గులు. నొక్కాననుకున్నాను. గీత కూడా తుడిచేశాను." ఏడుపు ముంచుకొచ్చింది.

"ఏడుపు తరవాత. ముందు ఇది సెప్పు. నువ్వు సూసింది గీతా, బొట్టా?"

"తెలీదు మావా."

"తెలీదన్నావు సూడు, అది సాలు" అని ఎంగిలి చెయ్యి కడుక్కోకుండానే ఎడం చేత్తో ఫోను అందుకున్నాడు.

అవతల మనిషి గోదావరి వైపువాడు. మాటలు బయటికి వినిపిస్తూనే ఉన్నాయి. "ఎక్కించేశామండి, ఇంకో గంటలో పంపు మొదలు. ఇప్పుడు విప్పమంటే మా పెద్దాయన నా ప్రాణం తీస్తాడండి."

"తియ్యనీ బాబూ. నిన్న నేను సూడకుండా సంతకం పెట్టినాను. ఇప్పి బొటనేలితో నొక్కు. నొక్కినాక నన్నేటి తిట్టాలో అది తిట్టు."

"పెట్టె మీద కింద అని రాసే ఉందిగదండీ!"

"రాత నాదే. ఆ రాత నమ్మొద్దనే నేను సెప్తన్నాను."

ఆ తరవాత ఎదురుచూడటమే మిగిలింది. అత్త మజ్జిగ తెచ్చి పక్కన పెట్టింది, ఆయన ముట్టలేదు. అరుగు ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతున్నాడు. చేతి మీద మెతుకులు ఎండిపోయాయి. నేను లలితా సహస్రం మొదలుపెట్టి, ఎక్కడున్నానో మరిచిపోయి, మళ్లీ మొదలుపెట్టాను. అలా ఎన్నిసార్లో. పంపు మొదలెట్టాల్సిన వేళ దాటిపోయింది. చివరికి ఫోను మోగింది.

"కిందది కిందే ఉందండి. రెండూ సరిగ్గానే ఉన్నాయి. ఇక్కడ మమ్మల్ని నవ్వులపాలు చేశారు కదండీ!"

నాకు ఒక్కసారిగా నవ్వు వచ్చేసింది. "సరిగ్గానే పెట్టాను మావా!"

ఆయన నవ్వలేదు. కూలబడి, "నువ్వు పెట్టినవి కావే అమ్మీ. అవి వాటంతట అవే కుదిరినాయి" అన్నాడు. ఆ మాట కంటే మెత్తగా నన్నెవరూ దండించలేదు.

బావివాళ్లు ఫిర్యాదు చేశారు. పెట్టెలో పెట్టింది ఎవరని యజమాని గట్టిగా అడిగితే, మావ "సంతకం సూడండి" అని తప్ప మరో మాట అనలేదు. ఆ నెలలోనే ఆయన చేతి నుంచి సంతకం పోయింది. స్టోరులో బోల్టులు లెక్కపెట్టే పని ఇచ్చారు. "బాగున్న ప్లగ్గుకి వైద్యం సేసినాడు మావ" అని కుర్రాళ్లు ఎగతాళి చేశారు. "రోగం లేదని తెలిసింది కదరా" అని ఆయనా నవ్వేసేవాడు. ఒకరోజు స్టోరు గుమ్మంలో నిలబడి, నేనే పెట్టానని యజమానికి చెప్పేస్తానన్నాను.

"సెప్పుకో, నీ మనసు కడుక్కోవాలంటే. అయితే ఒక్కటి. వచ్చి సెప్పినందుకు మాత్రం ఎప్పుడూ సిగ్గుపడకు. ఈసారి కూడా తప్పు లేకపోవచ్చు, మళ్లీ నవ్వుతారు. అయినా రా."

నేను వెళ్లి చెప్పాను. ఒక నెల జీతం కోశారు. ఆయన సంతకం మాత్రం తిరిగి రాలేదు. చాలా ఏళ్ల తరవాత అది నా చేతికి వచ్చింది. ఇవాళ ఎవరైనా భయంతో తడబడుతూ నా బల్ల దగ్గరికి వచ్చి, "అక్కా, నాకు తెలీదు" అంటే, నా నోట ముందు వచ్చే మాట "మంచిపని చేశావు, కూర్చో" అన్నదే. ఆ మాట నాది కాదు, ఆయన నాకిచ్చి వెళ్లింది. నా గొంతులో అది పలికిన ప్రతిసారీ దేవుడికి మనసులోనే కృతజ్ఞత చెప్పుకుంటాను.

మీకూ ఒకరోజు వస్తుంది. ఎవరూ చూడని పొరపాటు ఒకటి జరిగిందేమోనని అనుమానం వచ్చి, దాచుకోలేక చెప్పేస్తారు. తీరా చూస్తే ఏమీ జరిగి ఉండదు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వుతారు. ఆ నవ్వుల మధ్య తల వంచుకుని నిలబడి ఉన్నప్పుడు, దయచేసి మా సన్యాసిరావు మావని ఒక్కసారి తలుచుకోండి.