బావమరిది బూట్లు, పాప సీటు

ఈ సంగతి నేనే రాసిపెట్టాలి. లేకపోతే మా బావమరిది చెప్పేదే నిజమైపోతుంది. చుట్టాల్లో ఏ పెళ్ళి జరిగినా, విస్తరి ముందు కూర్చోగానే, మా బావ బడిలో బూట్లు ఎత్తుకుపోతూ దొరికినాడని మొదలుపెడతాడు. దొరికిన మాట నిజమే. బూట్లు మాత్రం అతనివే, అతనే ఇచ్చాడు.

ఆ రోజుల్లో మేము బెంగళూరు పక్కన హెబ్బగోడిలో ఒకే గది ఉన్న ఇంట్లో ఉండేవాళ్ళం. నేను జిగణిలో ఫ్యాక్టరీకి వెళ్ళేవాణ్ణి. పదో తరగతితో ఆగిపోయిన నాకు ఆ తర్వాతి చదువంతా చెప్పింది మా వీధి చివరి లైబ్రరీ (ఈ మాట అనేటప్పుడు నా గొంతు పెరుగుతుందని మా ఆవిడ అంటుంది). సెలవు రోజున పొద్దున్నే వెళ్ళి, వాళ్ళు ఫ్యాన్లు ఆపేదాకా లేచేవాణ్ణి కాదు. అక్కడ ఒకటే ఇబ్బంది. చెప్పులు బయట వదలాలి, వదిలితే పోతాయి. అందుకని నాలాంటి పాత పాఠకులందరం చెప్పులను గుడ్డసంచిలో వేసి, సంచి చంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళేవాళ్ళం. చంకలో సంచి ఉంటే అసలైన చదువరి అని గుర్తు.

మా పాప ఏడో తరగతి అయిపోయింది. దగ్గర్లో మాకు అందే మంచి హైస్కూలు ఒక్కటే. పిల్లతోపాటు తల్లో తండ్రో వెళ్ళి పెద్ద మేడంతో మాట్లాడాలి. పిలిచినప్పుడు లేకపోతే ఆ సీటు వెనకవాళ్ళకు వెళ్ళిపోతుంది. పెద్దవాళ్ళనూ ప్రశ్నలు అడుగుతారని ఎవరో చెప్పారు. ఇంకేం, పాప ఆడుకుంటుంటే నేను కూర్చుని రాష్ట్రపతి అధికారాలు, గ్రహణాలు, ఖండాల పుట్టుక బట్టీ పట్టాను. "తినేది రాగిముద్ద, మాట్లాడేది రాజ్యాంగం" అంది మా ఆవిడ. బావమరిది తన కొత్త బూట్లు ఇస్తూ, గీత పడితే మాత్రం ఊరుకోనని చెప్పి మరీ ఇచ్చాడు.

వెళ్ళేసరికి వరండా నిండా జనం. మా వంతు రావడానికి చాలా సేపు పడుతుందన్నారు. మాటల మధ్యలో మోగుతుందేమోనని ఫోను పాపకు ఇచ్చేశాను. అప్పుడు కనబడింది వరండా చివర లైబ్రరీ బోర్డు, తెరిచిన తలుపు. ఊరికే ఒకసారి చూసొస్తానని చెప్పి వెళ్ళాను. గుమ్మం దగ్గర పాదరక్షలు బయట వదలమని రాసి ఉంది. అరువు బూట్లు బయట వదిలే ధైర్యం నాకెక్కడిది? అలవాటు ప్రకారం సంచిలో వేసి, చంకలో పెట్టుకుని లోపలికి నడిచాను. బీరువాల వెనక తిమింగలాల మీద లావుపాటి పుస్తకం దొరికింది. అక్కడే నేలమీద కూర్చున్నాను. ఎప్పుడో తలుపు చప్పుడైతే గాలి అనుకున్నాను.

గాలి కాదు. ఆ లైబ్రరీ చూసుకునే ముసలాయన (బడిలో అందరూ తాళాల తాత అంటారు) భోజనానికి వెళ్తూ గుమ్మం చూశాడు. చెప్పులు లేవు కాబట్టి మనుషులూ లేరని తాళం వేసుకుని పోయాడు. లేచి వెళ్ళి తలుపు లాగితే రాలేదు. పిలుపు వస్తే? సీటు పోతే? తలుపు బాదాను. కిటికీలోంచి ఆటస్థలంలోని పిల్లల్ని కేకేశాను. వాళ్ళు నన్ను కొత్త మాస్టారు అనుకున్నట్టున్నారు. నమస్తే సార్ అని వరసగా చెప్పి, మరింత దూరంగా పోయి ఆడుకున్నారు.

ఈలోపు అక్కడ పాపను పిలిచారట. ఒక్కతే లోపలికి వెళ్ళి, మా నాన్న మీ లైబ్రరీలో ఉంటాడని చెప్పిందట. తాళాల తాతను పిలిపిస్తే, బయట ఒక్క చెప్పు కూడా లేదు, లోపల ఎవరుంటారని ఆయన కొట్టిపారేశాడట. మా వెనకవాళ్ళను పిలవబోతుంటే పాప కదలలేదట.

"మా నాన్న చెప్పులు బయట వదలడు మేడం. చంకలో పెట్టుకుంటాడు."

తలుపు తెరుచుకునేసరికి మేజోళ్ళతో నిలబడి ఉన్నాను. ఒక చేతిలో తిమింగలాలు, చంకలో బూట్లు. పెద్ద మేడం కాళ్ళ నుంచి తలదాకా చూసింది.

"సీటు ఎవరికి కావాల్నప్పా? బిడ్డకా, నీకా?"

రాష్ట్రపతి, గ్రహణాలు, ఖండాలు అన్నీ ఒక్కసారిగా ఎగిరిపోయాయి. తిమింగలం నీళ్ళలో ఉన్నా మనలాగే పైకొచ్చి గాలి పీల్చుకోవాలి మేడం అన్నాను. ఎందుకన్నానో నాకూ తెలియదు. ఆమె నవ్వు ఆపుకుంటూ, ఇట్లా చదివినవన్నీ ఇంట్లో బిడ్డకు చెప్తాడా అని పాపనే అడిగింది.

"వద్దన్నా చెప్తాడు మేడం" అంది పాప.

నాకొచ్చిన పరీక్ష అంతే. అది కూడా పాపే రాసింది. సీటు వచ్చింది.

బూట్లిచ్చిన బావమరిదికి (గీత పడలేదు, ఇకనైనా పెళ్ళిళ్ళలో నిజం చెప్పు), రాగిముద్ద పెట్టి రాజ్యాంగం భరించిన మా ఆవిడకు, కసురుకుంటూనే ఆ పుస్తకం పూర్తి చేయనిచ్చిన తాళాల తాతకు, నవ్వి వదిలేసిన పెద్ద మేడంకు దండాలు. అందరికన్నా పెద్ద దండం మా పాపకు. ఇప్పుడది పైచదువుకు హాస్టల్లో ఉంది. నేనింకా లైబ్రరీకి వెళ్తున్నాను కానీ, సంచి మాత్రం మానేశాను. చెప్పులు గుమ్మం ముందే వదులుతున్నాను. పోతే పోనీ. నేను లోపల ఉన్నానని చెప్పడానికి ఇప్పుడు అవి తప్ప ఎవరున్నారు?